ఇంజిను ఎవరిది, మిషను ఎవరిది

బళ్లారి జిల్లా కురుగోడులో కాపురముంటున్న, కీర్తిశేషులు రామాంజినేయులు భార్యను, సంగనకల్లు వాస్తవ్యులు కీర్తిశేషులు నెట్టికంటప్ప కూతురిని, అరవై ఎనిమిదేళ్ల హనుమక్క అను నేను నా ఇష్టప్రకారం రాయించిన మరణశాసనం ఇది. రాయించినది కాదు, నా చేత్తో నేనే రాస్తున్నది. కాళ్లు నా మాట వినడం మానేసి ఏడాది దాటింది. కిడ్నీలు కూడా ఇక మావల్ల కాదంటున్నాయని బళ్లారి డాక్టరు చెప్పాడు. తల మాత్రం ఇంకా నా చెప్పుచేతల్లోనే ఉంది. నన్ను ఎవరూ బెదిరించలేదు, బతిమాలలేదు, కాఫీలో ఏమీ కలిపి ఇవ్వలేదు. కన్నడంలో రాస్తే ఆఫీసుల్లో సులువని కేశవ అన్నాడు. ఆస్తి కన్నడంలో పంచగలను గాని కోపం నాకు తెలుగులోనే వస్తుంది. కావలిస్తే అతను తర్జుమా చేయించుకోవచ్చు.

1. ఇంతకు ముందు నేను వీలునామా ఏదీ రాయలేదు. ఎవరైనా ఒకటి తెచ్చి చూపిస్తే అది దొంగది. దీన్ని అమలు జరిపే బాధ్యత నా మరిది కొడుకు కేశవకు అప్పగిస్తున్నాను. కూరెకుప్ప వైపు లారీలు నడిపేవాడు, నలుగురితో మాట్లాడి పని జరిపించుకోగలడు. పాత సామాను విలువ మాత్రం అతనికి తెలియదు. ఏది చెడినా కొత్తది కొనుక్కో పెద్దమ్మా అంటాడు. అందుకే కింద కొన్ని సంగతులు వీలునామాకు తగనంత వివరంగా రాయవలసి వస్తోంది.

2. కాలువ కింది మడి, ఊరి బయటి మెట్ట చేను నా భర్త ద్వారా నాకు వచ్చినవి. అవి వాళ్ల వంశానికే, అంటే కేశవకే, సర్వహక్కులతో చెందవలెను. చేనులో జొన్న మానేసి ఇంకేదో వేస్తే మేలని అతనికి సలహాలిచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. వేసుకోనివ్వండి. నేను చూడబోను కదా.

3. కురుగోడు ఇల్లు కూడా కేశవదే. అయితే వెనకవైపు గదులు, వంటిల్లు బసవ్వ బతికినంత కాలం బసవ్వవి. ఆమెను కదిలించే హక్కు ఎవరికీ లేదు. బసవ్వ మా ఇంటికి రొట్టెలు కాల్చడానికి వచ్చిన మనిషి. ఇప్పుడు నన్ను లేపి కూర్చోబెట్టేదీ, తల దువ్వేదీ, మందులు మింగేదాకా నా ఎదుట నుంచి కదలనిదీ ఆమే. ఆమె రొట్టె తడుతుంటే ఆ చప్పుడుకే నాకు ఆకలి వేసేది. ఇప్పుడు ఆకలి లేకపోయినా చప్పుడు కోసం తలుపు తీసి ఉంచుకుంటున్నాను. నా చేతి బంగారు గాజులు ఆమెకే. ఆ మాట చెబితే, "నాకేటికక్కా, ఏస్కొని యాడికి పోవల్ల?" అంది. ఎక్కడికీ పోనక్కర లేదు, రొట్టెలు తట్టేటప్పుడు వేసుకుంటే చాలు.

4. ఇక కారు సంగతి. నేను ఈ కాగితం మొదలుపెట్టింది దీనికోసమే. పైవన్నీ నేను రాయకపోయినా ఎలాగూ అటే పోతాయి.

మా షెడ్డులో ఉన్న 1974 మోడల్ అంబాసిడర్ మా నాయన నెట్టికంటప్పది. పత్తి బాగా పండిన ఏడు కొన్నాడు. నా తమ్ముడు వెంకటరామిని అప్పటికే చదువుకని హాస్టల్లో వేశారు. నన్ను బడి మాన్పించి ఇంట్లో పెట్టారు. అందువల్ల బానెట్ ఎత్తినప్పుడల్లా దీపం పట్టుకోవడానికీ, స్పానర్లు అందించడానికీ నేనే. కొన్నాళ్లకు నాయన చెయ్యి చాచేలోపే ఏ స్పానరు కావాలో నాకు తెలిసిపోయేది. నా చదువంతా ఆ బానెట్ కిందే అయింది.

నాయన కారులో ఉన్నదాన్ని మిషను అనేవాడు. "మిషను కాగిండాది హనుమీ, రవ్వంత నిలుపుదాం" అని కుడితిని-కప్పగల్లు ఊళ్ల రోడ్డులో ఎన్నిసార్లు చెట్టు కింద ఆపి ఉంటాడో. ఇంజిను అంటే ఆయనకూ, మా ఊళ్లో అందరికీ, బావి మీద నీళ్లు తోడే డీజిల్ ఇంజిను ఒక్కటే. "ఇంజిను ఏస్తివా?" అని అడిగితే మడికి నీళ్లు పెట్టావా అని అర్థం. కారులోదాన్ని ఇంజిను అనడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు, హాస్టల్లో చదివి వచ్చినవాడికి తప్ప.

మంచం పట్టాక పెద్దమనుషులను పిలిపించుకుని నాయన చెప్పిన మాట ఇది: "కారు హనుమికి, ఇంజిను ఎంగటరామికి. ఇద్దురూ కొట్లాడొద్దండి." మరునాటికి ఆయన నోరు పడిపోయింది. మళ్లీ అడగడానికి లేకపోయింది.

ఆ సమయానికి బావి మీది ఇంజిను ఇంట్లో లేదు. ఒక పంట తడుపుకుని ఇస్తానని చుట్టం ఒకడు తీసుకుపోయి తిరిగి ఇవ్వలేదు. నాయన దృష్టిలో అది ఇంకా మాదే. వెంకటరామి దృష్టిలో లేనిదాన్ని నాయన ఇవ్వడు, ఇంట్లో ఉన్న ఇంజిను కారులోది ఒక్కటే. ఆయన దాన్ని మిషను అనేవాడు గదా అని నేను మొత్తుకున్నాను. పెద్దమనుషుల్లో ఒక్కడూ చెవిన వేసుకోలేదు. పెళ్లై పోయిన ఆడదానికి కారు డొక్కు రావడమే ఎక్కువ అనుకున్నారు. భాగాల కాగితంలో నాయన మాటే పొల్లుపోకుండా రాశారు. ఆ మాటకు అర్థం మాత్రం వాళ్లది రాశారు. వాళ్లలో ఒకడు, "కారైతే నీకొచ్చె గదమ్మా, ఇంగేం గావల్ల?" అని నన్నే అడిగాడు.

వెంకటరామి మెకానిక్కును పిలిపించి, చైన్ పుల్లీ కట్టి, కారులోంచి ఇంజిను ఎత్తి ట్రాక్టరు ట్రాలీలో వేసుకుపోయాడు. నేను పక్కనే నిలబడి చూశాను. మిషను లేని బానెట్ ఎత్తితే కింద నేల కనిపిస్తుంది. అంతవరకు నాకు ఆ సంగతి తెలియదు.

5. వాడు దాన్ని బావి గట్టున కూర్చోబెట్టి పంపు తగిలించాడు. బండి పరుగెత్తుతుంటేనే రేడియేటరుకు గాలి తగులుతుంది. కదలకుండా ఒకచోట నిలిపి, మా బళ్లారి ఎండలో, పొద్దస్తమానం నీళ్లు తోడిస్తే అది ఎంతకాలం ఓర్చుకుంటుంది? ఆ ఎండాకాలమే వేడికి బిగుసుకుని పట్టేసింది. వాడు దాన్ని విప్పించి, ముక్కలను బళ్లారిలో పాత సామాను కొనే గుజరి అంగళ్లకు వేశాడు. సిలిండర్లు ఉండే ఇనుప దిమ్మ, అంటే బ్లాకు మాత్రం ఉంచుకున్నాడు, ఎందుకంటే ఇంజిను నంబరు పొడిచి ఉన్నది దాని మీదే. నంబరు ఉన్నదే ఇంజిను, ఇంజిను నాది అని వాడి వాదం. వాదానికి తప్పు పట్టలేను. ఆర్టీవో ఆఫీసు కూడా అదే అంటుంది.

మా అత్తింటి లారీల స్పేర్ల గది చూసుకునేది నేనే కాబట్టి గుజరి బజారు నాకు కొత్త కాదు. అప్పటినుంచి ఆ ముక్కలను ఒక్కొక్కటిగా వెతికి తెచ్చుకుంటూ వచ్చాను. "సుమ్నే ఇంకో ఇంజిను ఏపిస్తా బిడే" అని, ఊరికే దాన్ని వదిలెయ్యమని నా భర్త ఒక్కసారి అన్నాడు. నా ముఖం చూసి మళ్లీ ఎత్తలేదు. ఆయన మంచివాడు. ఈ కాగితంలో ఆయన గురించి ఇంతకంటే రాస్తే ఏడుపు వస్తుంది, అక్షరాలు చెడిపోతాయి.

6. షెడ్డులోని చెక్కపెట్టెలో నూనె గుడ్డలు చుట్టి పెట్టిన సామాను ఆ ముక్కలే. కేశవా, నేను పోయాక ఇది చూడ్డానికి వచ్చే ప్రతివాడూ ఒక ముక్క మార్చిపెట్టి పోవాలని చూస్తాడు. కాబట్టి జాగ్రత్తగా చదువుకో.

గుజరిలో కంపెనీ డబ్బాలో ఉన్నదాన్ని ఒరిజినల్ అంటారు. డబ్బా ఏ సందులోనైనా అచ్చవుతుంది. ఆఫీసులో నంబరు కలిస్తే ఒరిజినల్. నాకైతే నాయన పోయేనాటికి ఆ కారులో ఉన్నదే ఒరిజినల్. ఈ మూడూ ఒకటి కావు. పిస్టన్లనే తీసుకో. నాయన ఒకసారి హుబ్లీలో అరిగిన సిలిండర్లను బోరు కొట్టించి, అంటే లోపల కాస్త వెడల్పు చేయించి, ఇరవై నంబరు ఓవర్‌సైజు పిస్టన్లు వేయించాడు. పిస్టను నెత్తిన ఆ అంకె పొడిచి ఉంటుంది. ఎవడైనా సీలు విప్పని కంపెనీ డబ్బా తెచ్చి, ఇదీ అసలుదని స్టాండర్డు పిస్టన్లు చూపిస్తే నమ్మొద్దు. అవి కంపెనీవే కావచ్చు, మన బోరులో గిలక్కాయల్లా ఆడతాయి.

సిలిండర్ హెడ్డుకు పోత పోసినప్పుడే ఉబ్బుగా వచ్చిన అంకెలు ఉంటాయి. మన హెడ్డు అంకెల అంచులు వేలికి మొద్దుగా తగులుతాయి. నకలుదానిలో పదునుగా ఉంటాయి, గోరు గీసుకుపోతుంది. తర్వాతి మోడల్ హెడ్డు కూడా ఇందులో కూర్చుంటుంది, బోల్టులు కలుస్తాయి, బండి కూడా తిరుగుతుంది. తిరిగినంత మాత్రాన అది దీనిది అయిపోదు.

కార్బురేటరుకు చిన్న ఇత్తడి బిళ్ల ఉంటుంది. అసలు బిళ్లను పీకి నకలు కార్బురేటరుకు తగిలించేవాళ్లు ఉన్నారు. కాబట్టి బిళ్లను చూడొద్దు, దాన్ని పట్టుకున్న స్క్రూను చూడు. ఎవరూ చెయ్యి పెట్టని స్క్రూకు గాడి నలిగి ఉండదు. డైనమో తీసేసి ఆల్టర్నేటర్ పెట్టుకుంటే మేలని అందరూ చెబుతారు. మేలే. కాని ఇది డైనమో కారు.

కనెక్టింగ్ రాడ్డుకూ, దాని కింద బిగించే టోపీకీ ఒకే అంకె పొడిచి ఉంటుంది. ఆ రెండూ కలిపి తొలిచినవి, ఒకదాని టోపీ ఇంకోదానికి పట్టదు. ఒక రాడ్డుకు టోపీ దొరకలేదు. ఎవడో ఏ ఇంజినుకో వేసేసి ఉంటాడు. వేరే టోపీ బిగిస్తే బేరింగును తినేస్తుంది. ఆ రాడ్డు ఎందుకూ పనికిరాదు, అయినా పారేయొద్దు.

7. బళ్లారి గుజరిలో అంగడి ఉన్న కెంచప్పకు, కొలతలు తీసే నా వెర్నియర్ కాలిపర్ ఇవ్వవలెను. అతను నన్ను చాలాసార్లు మోసం చేశాడు. బేరంలో నేనూ అతన్ని ఏడిపించాను, అది చెల్లుకు చెల్లు. అయితే ఒకసారి నేను ఒక హెడ్డు పట్టుకుని దొరికిందని సంబరపడుతుంటే, "అక్కా, నీ నాయన బండిదే అని చెప్పి నీకి అమ్మొచ్చు. ఆదరె ఇది అది గాదు, ఇడ్సిపెట్టు" అన్నాడు. ఆ రోజు బస్సులో వట్టి చేతులతో తిరిగి వస్తూ అతని మీద నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఆ ఒక్క మాటకే కాలిపర్ ఇస్తున్నాను.

భాగాలు పంచిన పెద్దమనుషులకు ఏమీ లేదు. వాళ్లెవరూ మిగల్లేదు కూడా. బావి ఇంజిను తీసుకుపోయి ఇవ్వని చుట్టం పేరు ఇక్కడ రాసి, ఈ కాగితంలో వాడికి చోటు ఇవ్వను.

8. ఈ ఏడు ఆయుధపూజ అయిన తర్వాతి వారం కేశవను పోరి సంగనకల్లుకు పోయాను. దిగలేక జీపులోనే కూర్చున్నాను. వెంకటరామి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. వాడి తల పూర్తిగా నెరిసిపోయింది. "ఎట్లుండావక్కా?" అన్నాడు. బ్లాకు ఎక్కడుందిరా అన్నాను.

జీపు ఆగినచోటుకు దగ్గర్లో, పశువుల కొట్టం పక్కనే ఉంది. సిలిండరు బోరులోంచి పలుపుతాడు దూర్చి ఎనుమును కట్టేశారు. మిగతా బోరుల్లో వాన నీళ్లు, జొన్న చొప్ప. లోపలి గోడలు గుంటలు పడి తుప్పు ఎర్రగా కారుతోంది. ఇంకెంత బోరు కొట్టినా నునుపు తేలదు, అంత లోతుకు తినేసింది. జీపులోంచే నాకు అది తెలిసిపోయింది. అయినా నంబరు చూడాలనిపించింది.

నంబరు ఉన్నచోట పసుపు, కుంకుమ, పైన వాడిన చామంతి ఉన్నాయి. వెంకటరామి కూతురు సౌందర్య నా దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది: "మా నాయన ఏటేటా ముందు దానికి పూజ చేసి, ఆమీదటనే ట్రాక్టరుకు చేస్తాడత్తా. నిమ్మకాయ గూడా దాని మీదనే పిండుతాడు." నేను అడిగితే తడిగుడ్డతో తుడిచి, ఫోనులో ఫోటో తీసి తెచ్చి చూపించింది. అంకెలు లేవు. ఏటేటా పిండిన నిమ్మరసం, పెట్టిన కుంకుమ, కురిసిన వాన కలిసి వాటిని తినేశాయి. నంబరు కోసం దాన్ని అమ్మకుండా ఉంచుకున్నాడు, భక్తితో ఆ నంబరునే చెరిపేశాడు. నాయన సొత్తుకు వాడు పూజ చేసుకుంటున్నాడు. నేను నూనె గుడ్డలు చుట్టుకుంటున్నాను.

"నాయన ఇంజిను నాకని అన్యాడు. నాది నేను పెట్టుకోనుండా. ఇంగ నువ్వు అడగొద్దక్కా" అన్నాడు వెంకటరామి. నాయన దాన్ని మిషను అనేవాడురా, ఒక్కసారి గుర్తు తెచ్చుకోరా అన్నాను. "నువ్వంటాండావు. నేనైతే యాపొద్దూ ఇన్లేదు" అన్నాడు. అది నిజం. వాడు హాస్టల్లో ఉన్నాడు, వినే అవకాశమే లేదు. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతుంటే ఎప్పటికైనా తెగేది. ఇద్దరం నిజమే చెబుతున్నాం కాబట్టి ఇది ఇక తెగదు.

ఇప్పుడు ఆ బ్లాకు ఫలానా కారుదని ఏ ఆఫీసూ ఒప్పుకోదు. అది నెట్టికంటప్ప కారుదేనని చెప్పగలిగినవాళ్లం మేమిద్దరమే ఉన్నాం, మేమిద్దరం ఒక మాట మీదికి రాము. వచ్చినా ఆ మిషను మళ్లీ తిరగదు.

9. పై సంగతులన్నీ తెలిసి ఉండే ఈ కింది ఏర్పాటు చేస్తున్నాను. కారూ, చెక్కపెట్టెలోని సామానూ మొత్తం నా తమ్ముడు వెంకటరామికి చెందవలెను. షరతు ఒకటే, వాడు తన కాళ్లతో కురుగోడుకు వచ్చి తన నోటితో అడగాలి. కేశవ గాని, సౌందర్య గాని వాడిని పురమాయించకూడదు. నేను పోయాక వచ్చే ఆయుధపూజ దాకా చూడండి. రాకపోతే అంతా గుజరికి వేసేయండి. ఇంజిను సెట్టు అని చెప్పి కలిపి అమ్మొద్దు, బ్లాకు లేనిది ఇంజిను కాదు. విడివిడిగా, తూకానికి ఇచ్చేయండి. ఇన్నేళ్లు ఏరి తెచ్చినవి మళ్లీ అక్కడికే పోతాయని రాయడానికి నా చెయ్యి రాలేదు. నిన్న ఈ వాక్యం దగ్గర ఆపి, ఇవాళ రాశాను. వాడు వస్తాడని నేను అనుకోవడం లేదు.

హోసపేట వైపు హోటళ్లవాళ్లు ఈ కారును వాకిట్లో అలంకారానికి పెడతామని కబురు చేస్తున్నారు. ఇవ్వొద్దు. మిషను లేని బండిలో కూర్చుని నవ్వుతూ ఫోటోలు దిగేవాళ్లకు మా నాయన సీటు ఇవ్వను.

సౌందర్య మంచి పిల్ల. మా ఇద్దరి గొడవ ఆమె నెత్తిన పెట్టను. నా రాళ్ల కమ్మలు ఆమెకు ఇవ్వవలెను. ఆమె పెళ్లికి నన్ను పిలవలేదు, అది ఆమె చేసింది కాదు.

10. చివరిగా నా అంత్యక్రియల గురించి. మా వైపు ఆడమనిషి పోతే పుట్టింటివాళ్లు చీర తెచ్చి కప్పాలి. ముత్తయిదువయినా కాకపోయినా ఆ చీర పడాలి, అది పడితేనే ఆమెకు వెనక ఒక ఇల్లు ఉందని లెక్క. నాకు పుట్టిల్లంటే వెంకటరామి ఒక్కడే. వాడికి కబురు మాత్రం పంపండి, బతిమాలొద్దు. వస్తే ఎంత నాసిరకం చీర తెచ్చినా మీరు కప్పినవన్నీ తీసేసి అదొక్కటే కప్పండి. పొద్దు వాలేదాకా చూడండి, అంతకుమించి ఆపొద్దు.

వాడు రాకపోతే బసవ్వ మనసు ఊరుకోదు. తనే పోయి బజారులో ఒక చీర కొని తెచ్చి, మీ తమ్ముడు పంపిండాడక్కా అని నలుగురిలో నా మీద కప్పుతుంది. ఆమె సంగతి నాకు తెలుసు. కేశవా, ఆమె చెయ్యి పట్టుకుని ఆపు. తిట్టొద్దు, ఏడవనీ, కానీ కప్పనివ్వకు. వాడు తేని చీర వాడు తెచ్చాడని చెప్పి నా మీద వేయవద్దు. నన్ను ఉత్తగానే పంపండి.

కురుగోడు, 18 నవంబరు 2025, మంగళవారం.

ఇది నేనే రాసి, నేనే చదువుకుని, చదివాక కూడా ఇదే నా ఇష్టమని చేసిన సంతకం:
హనుమక్క

హనుమక్కగారు మా ఇద్దరి ఎదుట సంతకం చేశారు, ఆమె ఎదుటే మేము సంతకాలు చేశాము:

సిద్ధేశ్, ఎదురింటివారు, ఎలక్ట్రికల్ షాపు, కురుగోడు.

అంబిక, రిటైర్డు నర్సు, కురుగోడు.

(బసవ్వ కూడా అక్కడే ఉంది. ఇందులో ఆమెకు వాటా ఉన్నందున సాక్షిగా పెట్టలేదు. పదో అంశం ఆమెకు చదివి వినిపించలేదు.)